జింకల పార్కుల ఎవ్వరం తినలే

నా కొడుకు ఫోన్ల "బావా" అన్నడు.

నేను వాకిట్ల కూసోని కందికాయ ఒలుస్తున్న. చెయ్యి ఆగింది. వాడు ఎవరితోని మాట్లాడుతున్నడో నాకెరుకే. మా వాడు బస్సు కండక్టరు. అవతలాయన అదే డిపోల డ్రైవరు, భువనగిరి మనిషి. ఏండ్ల సంది ఇద్దరు ఒక్క బస్సు మీద తిరుగుతున్నరు. ఎన్నడు పిలిచినా "అన్నా" అనే పిలిచేటోడు. నిన్నటిదాక అన్న అయినోడు ఇయ్యాల బావ ఎట్లయిండు?

వరుసలు పట్టించుకోనోళ్ళకు ఇది చిన్న మాట. మాకు కాదు. ఆయన అన్న అయితే ఆయన కొడుకు మా ఇంటి పిల్లకు అన్నదమ్ముల వరుస. ఆయన బావ అయితే ఆయన కొడుకు మా ఇంటికి అల్లుడయ్యే వరుస. ఒక్క మాట మారిస్తె నా మనుమరాలి పెండ్లికి తొవ్వ పడుతది. మా వాడు నోరు జారిండా, తొవ్వ వేస్తున్నడా? నాకు రెండోదే అనిపించింది.

ఆ మాపటికి అన్నం కాడ అసలు సంగతి బయటపెట్టిండు.

"అమ్మా, క్రిస్మస్ అయినంక పిల్లకు సెలవు దొరుకుతదట. ఒక దినం పార్కుకు పోయొద్దాం. పొద్దుగాల పోయి పొద్దుమూకే వరకు ఇల్లు పడుదాం. యాడికి పోదామో నువ్వే చెప్పు."

నువ్వే చెప్పు అన్న మాట నాకు కొత్త. నా బతుకుల ఎవ్వరు నన్ను యాడికి పోదామని అడగలే. నాట్లకు పా అన్నరు, పోయిన. పత్తికి పా అన్నరు, పోయిన. దవాఖానకు పా అన్నరు, అప్పుడు గూడ పోయిన. గింత వయసు వచ్చినంక నన్ను అడుగుతున్నరంటే ఏదో ఒకటి నాతోని ఒప్పించేది ఉన్నది.

నా అనుమానానికి కారణం లేకపోలేదు. అది చెప్పాలె.

మా దిక్కు పిల్లను చూసుకునేటప్పుడు ఒక రివాజు ఉంటది. సంబంధం మాట్లాడనీకి పోయినోళ్ళు మంచినీళ్ళు తాగుతరు, మనసు నిమ్మలంగ ఉంటే చాయ తాగుతరు. అన్నం మాత్రం తినరు. అవతలోళ్ళ పెట్టుడు తిని చెయ్యి కడిగిండ్రంటే సంబంధం ఖాయమైనట్టే లెక్క. అందుకనే పెద్దమనుషులు ఎంత ఆకలైనా "ఇప్పుడే తినొచ్చినం" అని అబద్ధమాడి లేస్తరు.

మా మనుమరాలు నర్సు చదువు చదివేటప్పుడు నా కొడుకు సూర్యాపేట దిక్కు ఒక ఊరికి దోస్తు వెంట పోయిండు. చూసొస్త అని పోయిండు. ఆడ యాటను కోసిండ్రట. కల్లు పోసిండ్రట. మా వాడు కడుపునిండ తిని, చెయ్యి కడుక్కోని, మూతి తుడుసుకోని వచ్చిండు. వాడొచ్చిన రెండో నాడే అవతలోళ్ళు ఊరంత చెప్పుకున్నరు. పిల్లకు ఆ పిలగాని మొకం గూడ తెల్వదు. ఆమె ఏడ్వలే, అరవలే. మా ఇంట్ల తినుడు బందు పెట్టింది. "మీరు తిన్నరు గదా, సాలు" అన్నది. పెద్దమనుషుల్ల కూసోని ఆ సంబంధం విడగొట్టుకునే వరకు మా పరువు రోడ్డు మీద పడ్డది. బోరింగు కాడ "తిని కాదన్నోళ్ళు" అని మమ్ముల ముంగటనే అన్నరు.

అప్పుడు నేను పిల్లకు మాటిచ్చిన. నీ నోటితోని నువ్వు అవునంటేనే మా ఇంటోళ్ళు ఇంకొకరి పెట్టుడు ముడుతరు, అప్పటిదాక నేను కావలుంట అన్న. ఆమె ఇప్పుడు హైదరాబాదుల ఒక దవాఖానల నర్సు. హాస్టల్ల ఉంటది. తన కాళ్ళ మీద తను నిలబడ్డది. మళ్ళ నా కొడుకు నోటికి కట్టుబడి ఆమె బతుకు ఆగం కావద్దు. నా ఫికరంత అదే.

ఇగ పార్కు సంగతి. నేను గూడ నా ఎత్తు వేసిన.

"నల్లమలకు పోదాం. పెద్ద అడివి. పులి ఉంటదట," అన్న.

పులి కోసరం కాదు. నల్లమలకు పోవాలంటె కల్వకుర్తి మీదికెల్లి పోవాలె. కల్వకుర్తిల మా చెల్లె ఇల్లుంది. పోయేటప్పుడు ఆడ తినొచ్చు, వచ్చేటప్పుడు ఆడ తినొచ్చు. బయటోళ్ళ పెట్టుడు ముట్టే పని పడదు.

"చలికాలం పొద్దు ఎంతసేపుంటదమ్మా? పోయేసరికే సగం దినం అయితది. పొద్దుగాల మంచుల బండి నడవది," అన్నడు కొడుకు.

"మరి మీరు యాడికి అనుకుంటున్నరు?"

"చిలుకూరు దిక్కు మృగవని ఉంది," అన్నది కోడలు.

"పక్కనే గుడి ఉంది గద. పార్కు పేరు చెప్పి జనమంత ఒక్కకాడ కలుస్తరు. ఎవరెవరు కలుస్తరో ఎవరికెరుక."

"మనం చర్చికి పోయేటోళ్ళం అత్తా, గుడి కాడ మనకు ఎవరు కలుస్తరు?"

"గదే నేను అడిగేది."

కోడలు మొగని దిక్కు చూసింది. ఆ చూపు గూడ నేను పట్టుకున్న.

పట్నం నడిమిట్ల ఒక పార్కు ఉందన్నరు. ఆడ పొద్దుగాల పెద్ద పెద్దోళ్ళు బూట్లు వేసుకోని నడుస్తరట. నడవనీకి పట్నం దాక ఎందుకు, మా ఊరి నుంచి కేతేపల్లి దాక నడిస్తె సాలదా అన్న. అది గూడ పోయింది. ఆఖరుకు విజయవాడ రోడ్డు మీద, పట్నం మొదట్లనే ఉన్న జింకల పార్కు కాడ మాట ఆగింది. మా ఊరి బస్సు దాని ముంగటికెల్లే పోతది. పిల్ల హాస్టలు గూడ అటే.

"జింకలు చూడనీకి టికెట్టా? మా చెల్లె చేన్ల పల్లికాయంత అయ్యే తిన్నయి. ఆమె కట్టె పట్టుకోని ఎల్లగొడుతుంటే మీరు పైసలిచ్చి చూస్తరా?"

"గీ జింకలు వేరే అమ్మా."

"గవ్వి తినవా?"

వాడు నవ్వలే. తొందరల ఉన్నడు. "ఇంకొక మాట. లోపలికి సద్ది గిట్ల తేనియ్యరట. బయట ఏదో ఒకటి చూసుకుందాం. వాళ్ళు గూడ తెస్తరు."

"వాళ్ళెవరు?"

వాడు నాలిక కరుచుకున్నడు. కోడలు లేచి నీళ్ళ చెంబు తేనీకి పోయింది, చెంబు ముంగటనే ఉండంగ.

"డ్రైవరన్న వాళ్ళు గూడ వస్తరు. సెలవే గదా," అన్నడు.

"అన్ననా, బావనా?"

వాడు పళ్ళెంల చెయ్యి కడిగి లేచిండు.

నేను అప్పుడే మనుమరాలికి ఫోన్ చేసిన. పార్కు సంగతి చెప్పి, నల్లమలకు పోదాం బిడ్డా అన్న. "నల్లమల వద్దవ్వా, చిన్నవ్వ ఇంట్ల ఆగాలె, తినకుంటే పోనియ్యది. జింకల పార్కే మంచిది," అన్నది. గా మాట గంత తొందరగ వచ్చినందుకు నాకు కొంచెం అనుమానమైంది. పాపం, తండ్రి ముందే చెప్పి ఒప్పించి ఉంటడు అనుకున్న. నా కోపమంత కొడుకు మీదనే ఉంది గద, ఇంకొకరి మీదికి పోలే.

పోయే దినం నేను నాలుగు గంటలకే లేచి జొన్నరొట్టెలు చేసిన. పుంటికూర పప్పు, ఎల్లిపాయ కారం. తేనియ్యకపోతె గేటు కాడనే పెట్టిపోత, బయటికొచ్చి తింట, కాని ఎవ్వరి డబ్బా ముట్ట. చెద్దరు కప్పుకోని బస్సెక్కిన. రోడ్డు మీద మంచు పాలు పోసినట్టుంది. కొడుకు ముంగటి సీట్ల కూసోని దారి పొడుగుత ఫోన్ చూసుకున్నడు. నేను వెనుకకెల్లి వాని మెడ చూసుకుంట కూసున్న.

పార్కు గేటు కాడ ఒక పెద్ద బోర్డు ఉంది. నాకు అక్షరాలు యాభై దాటినంక వచ్చినయి. సంఘంల రాత్రి బడి పెట్టినప్పుడు పలక పట్టిన. ఆలస్యంగ నేర్చుకున్నోళ్ళు బోర్డు కనపడితె వదిలిపెట్టరు. అందరు టికెట్లకు పోతె నేను నిలబడి మొత్తం చదివిన. ప్లాస్టిక్ తేవద్దు. జంతువులకు తిండి పెట్టవద్దు. బయటి తిండి లోపలికి తేవద్దు. మా వాడు ఈ ఒక్క విషయంల అబద్ధమాడలే అని నమ్మిన. సంచి గేటు కాడ అర్రల పెట్టిచ్చి, అండ్ల కూసున్న మనిషికి నా మొకం గుర్తుపెట్టుకోమని చెప్పిన.

డ్రైవరు వాళ్ళు అప్పటికే వచ్చిండ్రు. ఆయన, ఆయన తల్లి, ఆయన కొడుకు. ఆయన భార్య పోయి శానా ఏండ్లయిందట. కొడుకు కరెంటు పనిల ఉన్నడట. పిలగాడు సన్నగ, నల్లగ, తల నిండ ఎంటికలతోని ఉన్నడు. మా మనుమరాలు హాస్టలు నుంచి సీదా వచ్చి నా చెయ్యి పట్టుకోని నిలబడ్డది. ఆ పిలగాని దిక్కు చూడలే. పిలగాడు గూడ చూడలే. ఇద్దరు చూసుకోకుండ ఉన్న తీరు నాకు బాగ అనిపించలే. తెల్వనోళ్ళైతె ఒక్కసారన్న చూసుకుంటరు గద.

లోపల తిప్పనీకి ఒక వ్యాను ఉంది. ఎక్కేటప్పుడు పిలగాడు "జర పైలం అవ్వా" అని చెయ్యి ఇచ్చిండు. నేను కడ్డీ పట్టుకోని ఎక్కిన. డ్రైవరు తల్లి వచ్చి నా పక్కల కూసున్నది. నా ఈడుదే. చేతికి పచ్చబొట్టు. ముక్కుకు పుల్ల.

"ఏం వదినా, చలి బాగుంది గద," అన్నది.

వదిన అట. కొడుకేమో బావ, తల్లికి నేను వదిన. అన్ని సర్దుకోని వచ్చిండ్రు.

"ఉందక్కా," అన్న నేను. అక్క అన్న మాట జర గట్టిగనే అన్న. అక్క అంటే మా పిల్లలు అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు అన్నాచెల్లెళ్ళు. ఆ తొవ్వ మూసేసిన అన్నట్టు.

ఆమె నా మొకం చూసింది. చెద్దరు సదురుకున్నది.

వ్యాను మెల్లగ పోతాంది. మంచు ఇంక పూర్తిగ పోలే. చెట్ల నడుమ ఎండ పడ్డకాడ జింకలు నిలబడి ఉన్నయి. ఒక ఇర్రి, కొమ్ములు మెలి తిరిగి, ఒళ్ళు నల్లగ, కడుపు తెల్లగ, తొవ్వకు అడ్డం వచ్చి నిలబడ్డది. వ్యాను ఆగింది. అది మమ్ముల చూసింది. అది పరుగెత్తుతదని అనుకున్న. కదలలే. మా చెల్లె చేన్ల జింక అయితె మనిషి గాలి తగిలితెనే దుంకుతది. ఇవి మనిషిని చూసి భయపడుడు మరిచినయి. నాకు మంచిగ అనిపించలే. భయం లేని జీవం ఎప్పుడో ఒకప్పుడు ఎవరి చేతికో దొరుకుతది. నేను మనుమరాలి దిక్కు చూసిన. ఆమె ఇర్రిని చూస్తాంది.

నడుమ ఒక కాడ దింపిండ్రు. బెంచీలున్నయి, చాయ దుకాణం ఉంది. నా కొడుకు ఉరికి పోయి అందరికి చాయ, సమోసలు పట్టుకొచ్చిండు.

"నాకొద్దు," అన్న. ఎవరి పైసలతోని తెచ్చిండో నాకు తెల్వది.

"సమోసనే గదమ్మా."

"నాకు పండ్లు నొస్తున్నయి."

వాడు మొకం మాడ్చుకున్నడు. అప్పుడు చూసిన, డ్రైవరు తల్లి గూడ సమోస ముట్టలే. చాయ గిలాస చేతుల పట్టుకోని కూసున్నది. తాగుతలే. చాయ మీద మీగడ కట్టింది. మొగోళ్ళు సమోసల పొట్లం విప్పకుండ బెంచీ మీదనే పెట్టి జర దూరం పోయినంక అడిగిన.

"చాయ సల్లగయింది. తాగవా అక్కా?"

"నువ్వు తాగవా?"

"నేను పొద్దుగాల తాగిన."

"నేను గూడ."

ఆఖరుకు ఆమెనే అన్నది.

"నీతోని చాటు మాటలెందుకు. మీరు సూర్యాపేట దిక్కు తిని కాదన్నోళ్ళు. భువనగిరి దాక వచ్చింది ఆ ముచ్చట. నా మనుమడు తల్లి లేని పిలగాడు. నేనే సాదిన. మీ వాడు ఇయ్యాల బావ అంటడు, రేపు అన్న అంటడు. నా పిలగాని పేరు గట్ల నలుగురి నోట్ల పడుడు నాకిష్టం లేదు. అందుకే నేను ఈడ నీళ్ళు గూడ ముట్ట అనుకోని వచ్చిన."

దినమంత నేను వాళ్ళను అనుమానిస్తున్న. ఆమె మమ్ముల అనుమానిస్తాంది. నాకంటె ఆమె అనుమానమే గట్టిది. నాది ఊహ, ఆమెది జరిగిన ముచ్చట.

"మరి నువ్వెందుకు వచ్చినవు అక్కా?"

"పిలిస్తె వచ్చిన. మీ పిల్ల పిలిచింది."

"మా వాడు పిలిచిండు అను."

"మీ వాడు కాదు, పిల్ల. నాకు జరమొచ్చి దవాఖానల పడుకున్నప్పుడు సూదేసింది ఆమెనే. మీ వాడే ఆ దవాఖాన పేరు చెప్పి పంపిండు. నా మనుమడు దినాం నా కాడికి వచ్చేటోడు. నాకు తగ్గినంక గూడ వాడు ఆ దవాఖాన దిక్కు పోతనే ఉన్నడు," అన్నది. మొకం మీద నవ్వు లేదు, కోపం లేదు.

నేను లేచి మనుమరాలి కాడికి పోయిన. ఆమె కంచె కాడ నిలబడి నెమళ్ళను చూస్తాంది. రెక్క పట్టుకోని పక్కకు గుంజుకపోయిన.

"నువ్వు పిలిచినవా?"

"నేనే అవ్వా."

"నాయినకు తెలుసా?"

"నాయినకు చెప్పిన. వరుస మార్చి పిలువుమని మాత్రం చెప్పలే. అది ఆయన ఉత్సాహం."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు ఇంట్ల కూసునే తీర్పు చెప్తవు. నువ్వు ఆ మనిషిని చూడాలె. వాళ్ళ అవ్వ నిన్ను చూడాలె. వాళ్ళింటికి పోతె వాళ్ళు పెడుతరు. మనింటికి పిలిస్తె మనం పెట్టాలె. హోటల్ల కూసుంటె ఎవరో ఒకరు పైసలిస్తరు, అది గూడ పెట్టినట్టే. గీడైతె ఎవ్వరి ఇల్లు కాదు. ఇంటి తిండి లోపలికి రాదు. ఉట్టిగ చూసుకోవచ్చు."

గింత దూరం ఆలోచించింది. నల్లమల ఎందుకొద్దన్నదో అప్పుడు తెలిసింది. నేను చెల్లె ఇంట్ల కాపాడుదామనుకున్న, ఆమె అంతకంటె ముందే తనను తాను కాపాడుకునే తొవ్వ వెతుక్కున్నది. నాకు గర్వమైంది. అంతకంటె ఎక్కువ భయమైంది. మొకం గట్టిగ పెట్టుకోనే అడిగిన.

"ఒక్క మాట చెప్పు బిడ్డా. తిననా, వద్దా?"

ఆమె నెమలి దిక్కు కాదు, నా దిక్కు చూసింది.

"వద్దవ్వా. నేను ఇంక అవునన్లే. నాకే పూర్తిగ తెల్వది. వాడు మంచోడే అనిపిస్తుంది. అనిపించుడు వేరే గద. జర టైమ్ కావాలె. చూడమని పిలిచిన, తినమని కాదు."

"వాళ్ళవ్వకు ఈ మాట చెప్పినవా?"

"నువ్వు చెప్తె నమ్ముతది. నేను చెప్తె పిల్ల మాట అనుకుంటది."

నేను మళ్ళ పోయి బెంచీ మీద కూసున్న. "అక్కా, మా పిల్ల ఇంక మాట ఇయ్యలే. మీ పిలగాడు మంచోడని అన్నది, గంతే. ఇయ్యాల మా ఇంటోళ్ళు ఎవ్వరు మీ పెట్టుడు ముట్టరు. మీరు గూడ మాది ముట్టకుండ్రి. రేపు ఏమైనా మీ పిలగానికి మాట రాదు, మా పిల్లకు రాదు."

ఆమె చాయ గిలాసను చెట్టు మొదట్ల వంపింది. "గిట్ల సాఫ్ మాట ముందే చెప్తె గింతసేపు నోరెండబెట్టుకునేదాన్ని కాదు గద," అని తన సంచిల నుంచి తన నీళ్ళ బాటిల్ తీసి తాగింది. నాకు ఇయ్యలే. నేను అడగలే. ఆ తర్వాత మా ఇద్దరికి మాటలు మంచిగనే నడిచినయి. గులాబి పురుగు పత్తిని ఎట్ల తింటాందో, పింఛను ఏ నెల ఆలస్యమైతదో, మోకాళ్ళకు ఏ నూనె రాస్తరో. ఆమె నన్ను అక్క అనే పిలిచింది.

పిలగాన్ని గూడ చూసిన. చూడనీకే గద పిలిచింది. వ్యాను దిగేటప్పుడు మొదట వాళ్ళవ్వను దింపిండు, చెప్పులు సరిగ వేసిండు, అప్పుడే నా దిక్కు చెయ్యి చాపిండు. ఈసారి పట్టుకున్న. చెయ్యి మొద్దుగ ఉంది. కరెంటు తీగలు గుంజే చెయ్యి. అది ఒక్కటి చూసి మనిషి ఎట్లాంటోడో నేను చెప్ప.

గేటు బయట అసలు పరీక్ష అయ్యింది. రోడ్డు పక్కన నీడకు వాళ్ళు ఒక దిక్కు చెద్దరు పరిచిండ్రు, మేము ఒక దిక్కు పరిచినం. నడిమిట్ల నాలుగు అడుగులు లేవు. డ్రైవరు వాళ్ళ డబ్బా మూత తీసిండు. గారెలు, కోడికూర. ఆ వాసనకు నా కడుపే అరిచింది, మా వానిది చెప్పాల్నా.

"రా బావా, ఒక్క గారె," అన్నడు డ్రైవరు.

మా వాడు లేచిండు. నేను రొట్టె మూట విప్పుతున్న, చేతులు ఖాళీ లేవు, నోరు తెరిచేసరికే వాడు వాళ్ళ చెద్దరు కాడ గొంతు కూసున్నడు. గారె అందుకున్నడు. కోడలు "అయ్యో" అని మెల్లగ అన్నది.

"నాయినా," అన్నది మనుమరాలు. గట్టిగ అన్లే. కూసున్నకాడి నుంచి లేవలే. "చెయ్యి తియ్యి."

వాడు బిడ్డ దిక్కు చూసిండు. సూర్యాపేట ముచ్చట వాని మొకంల మెదిలింది, నాకు కనపడ్డది. డ్రైవరు తల్లి గూడ కదలకుండ చూస్తాంది. గారె మళ్ళ డబ్బాల పెట్టిండు. డ్రైవరుకు కష్టమైంది. తన తల్లి మొకం చూసి ఇంక బలవంతం చెయ్యలే. పిలగాడు మాత్రం మూత తీసుకోని తనే డబ్బా మీద పెట్టిండు.

"మీరు తినుండ్రి మామా, మీ సద్ది సల్లగైతది," అన్నడు మా వానితోని.

మామా అన్నడు. వాడు గూడ వరుస ముందే దిద్దుకున్నడు. నాకు మళ్ళ అనుమానమైంది. మనుమరాలు వినపడనట్టే రొట్టె ముక్క తుంచి పప్పుల అద్దుకున్నది.

మా వాడు వచ్చి నా పక్కల కూసున్నడు. రెండు రొట్టెలు వాని చేతుల పెట్టిన. రెండూ తిన్నడు. పొద్దు వంగుతుంటే బస్సెక్కినం. పిల్ల హాస్టలు దిక్కు నడుచుకుంట పోయింది. పిలగాడు ఆ దిక్కు పోలే, భువనగిరి బస్సు కోసరం వాళ్ళవ్వ పక్కల నిలబడ్డడు. నేను కిటికిల నుంచి ఇద్దరిని చూసిన, బస్సు మలిగే దాక.

మా పిల్ల ఇంక ఏ మాట చెప్పలే. నా కొడుకు వారానికోసారి "అడుగమ్మా" అంటడు. నేను అడుగ. ఆమె చెప్పిననాడే భువనగిరి పోయి తింట.